గోల్‌పోస్టు దగ్గరి వినాయకుడు

మా బావమరిది ఇప్పటికీ నా ఉద్యోగాన్ని "ఆటంబాంబు డిపార్ట్‌మెంట్" అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. నేను చేసింది ఒక అమెరికన్ యూనివర్సిటీలో రేడియేషన్ సేఫ్టీ. ల్యాబుల్లో వాడే రేడియోధార్మిక పదార్థాలు సీసాల్లోనే ఉన్నాయా, ప్రొఫెసర్ల చొక్కాల మీదికి చేరాయా అని మీటరు పట్టుకుని తిరగడం నా పని. బాంబు మాట దేవుడెరుగు, మా ఆఫీసులో మైక్రోవేవ్ కూడా సరిగ్గా పనిచేసేది కాదు.

రిటైరయ్యాక క్యారీ అనే ఊళ్లో మా అమ్మాయికి దగ్గరగా ఇల్లు కొనుక్కున్నాం. ఇక్కడ తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కులో నా పక్కన ఎవరో ఒక పిల్లో పిల్లాడో ప్లేటు పట్టుకుని కూర్చుంటారు. "అంకుల్, ఈ ఫీల్డ్‌లో స్కోప్ ఎలా ఉంది?" అని అడుగుతారు. స్కోపు, సర్టిఫికేషను, వీసా స్పాన్సర్‌షిప్పు ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, వెతుక్కోండి. దొరకనివి మాత్రం రాస్తున్నాను.

మైదానం

మా యూనివర్సిటీలో ఒక మైదానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. పడమటి గ్యాలరీ కింద ఒక హ్యాండ్‌బాల్ గది ఉండేది. దాన్ని ఫిజిక్స్ ప్రొఫెసర్లు ఆక్రమించుకుని గ్రాఫైట్ దిమ్మెలు, యురేనియం ముక్కలు పేర్చి ప్రయోగాలు చేశారు. పైన జనం ఈలలు వేస్తుంటే కింద వీళ్లు అణువులతో ఆడుకునేవాళ్లన్నమాట. సైన్సు చరిత్రలో దానికో చిన్న చోటు దక్కింది, మైదానం మూలన ఒక ఇత్తడి పలక పడింది. యుద్ధం అయ్యాక అన్నీ తీసుకుపోయారు, గ్యాలరీ కూల్చేశారు, మట్టిని మళ్లీ మళ్లీ పరీక్షించారు. శుభ్రంగా ఉంది. ఇప్పుడు అక్కడ ఆడపిల్లలు సాకర్ ఆడుతున్నారు.

శుభ్రంగా ఉందంటే ఎవరు నమ్ముతారు? ఒక తల్లి ఫోన్ చేసి, ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచి తన కూతురికి మొటిమలు వస్తున్నాయని చెప్పింది. "పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎక్కడున్నా వస్తాయి తల్లీ" అన్నాను. నా మీద కంప్లైంట్ పెట్టింది. ఇంకొకాయన విజ్ఞాన యాత్ర అని ఎక్కడినుంచో వచ్చి, ఆ గడ్డిమీద బోర్లా పడుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. స్ప్రింక్లర్లు ఆన్ అయినా లేవలేదు. ఈ రెండు రకాల జనానికీ మధ్య నిలబడటమే నా ఉద్యోగం అనుకోండి.

పాత రోజుల నుంచి ఒక్క నియమం మిగిలింది. ఆ పడమటి మూల మట్టి మేం మీటరు పెట్టి చూడకుండా మైదానం దాటకూడదు. కంచెకి చిన్న బోర్డు కూడా ఉండేది. దాన్ని చదివినవాణ్ని నేను చూడలేదు.

వాల్ట్, అతని సాసరు

నా మొదటి బాసు వాల్ట్. పొగాకు నమిలేవాడు, రిపోర్టులు రాసేవాడు కాదు, డీన్లని మొహం మీదే వెక్కిరించేవాడు. మంచి బాసేమీ కాదు. కానీ పని మాత్రం అతని దగ్గరే నేర్చుకున్నాను.

చేరిన మొదటిరోజు నన్ను మైదానానికి తీసుకెళతాడనుకుంటే, ఊళ్లో కోర్టుకి తీసుకెళ్లాడు. గ్రానైట్ మెట్ల మీద మీటరు పెట్టించాడు. టికటికటిక అంది. అక్కణ్నుంచి మైదానానికి తీసుకొచ్చి పెట్టించాడు. టిక్... టిక్. "కోర్టు మెట్లలోనే ఎక్కువ ఉంది. జడ్జిగారిని ఖాళీ చేయిద్దామా?" అన్నాడు.

రాయిలో ఉంటుంది, ఇటుకలో ఉంటుంది, అరటిపండులో ఉంటుంది, నీలో నాలో ఉంటుంది. దీన్నే బ్యాక్‌గ్రౌండ్ అంటారు. ముందు దాన్ని కొలవాలి. ఆ తర్వాత అనుమానమున్న వస్తువుని మిగతావాటి నుంచి విడదీసి, ఒంటరిగా కొలవాలి. అప్పటిదాకా నోరు మూసుకోవాలి. వాల్ట్ చదువంతా ఇంతే. ఇంకొకటి చెప్పడం అతనికి చేతకాలేదు గానీ నేను చెబుతున్నాను. జనం మధ్య మీటరుకి శబ్దం పెట్టకండి. ఓసారి నేను సాకర్ కోచ్ గదిలో పెడితే, ఆ పెద్దమనిషి కుర్చీ తన్నేసి కిటికీలోంచి దూకినంత పని చేశాడు.

వాల్ట్ డ్రాయరులో ఒక నారింజ రంగు సాసరు ఉండేది, వాళ్ల అమ్మమ్మగారి డిన్నర్ సెట్టులోది. వెనకటి రోజుల్లో ఆ రంగు కోసం పింగాణీ పూతలో యురేనియం కలిపేవాళ్లు. పొద్దున్నే ప్రతి మీటరునీ ఆ సాసరు మీద పెట్టి, గట్టిగా అరుస్తోందంటే బాగున్నట్టే అని మాకు ఇచ్చేవాడు. "మా అమ్మమ్మ దీంట్లోనే కాఫీ తాగి తొంభై దాటింది. అయినా నువ్వు తాగకు" అనేవాడు.

చరిత్ర మట్టి

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి ముందటి వినాయక చవితి.

అప్పటికి వాల్ట్ పోయాడు. మా డైరెక్టరు బ్రెండా. ఇన్సూరెన్స్ నుంచి మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, పిరికి మనిషి. పేపర్లో యూనివర్సిటీ పేరు వస్తుందేమోనని ఆమెకి నిద్రలో కూడా భయమే. మా వృత్తిలో మీకు ఎక్కువగా దొరికే బాసు ఇలాంటివాళ్లే, ఇప్పుడే అలవాటు పడండి.

చవితి మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి ఫోన్ చూపించింది. మట్టి వినాయకుడి ఫొటో. బొజ్జ కొంచెం పక్కకి వాలింది గానీ కళ గల మొహం. కింద ఇంగ్లిష్‌లో ఉన్నదానికి అర్థం ఇది: "ఈసారి మా గణపయ్య చరిత్ర మట్టితో! మన పడమటి మూల నుంచే!" పక్కన మూడు నిప్పు బొమ్మలు. పెట్టింది ఝాన్సీ. హనుమకొండ పిల్ల, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. మా ఆవిడ సుగుణ చేతి గోంగూర కోసం నెలకోసారైనా మా ఇంటికి వచ్చేది.

మైదానంలో డ్రైనేజీ కోసం తవ్వుతున్నారు. బంకమట్టి గుట్టలు పడి ఉన్నాయి. ఇక్కడి కాలనీల్లో పుట్టమన్ను దొరకదు, క్రాఫ్ట్ షాపులో మట్టి ఖరీదు. ఆ గుట్ట చూడగానే మన పిల్లకి వినాయకుడే కనిపించి ఉంటాడు. మిగతా దేశాల పిల్లలు మట్టిగుట్టని మట్టిగుట్టలాగే చూస్తారు, మనకే ఈ తిప్పలు.

"మైదానం మూసేస్తున్నాను" అంది బ్రెండా. "క్యాంపస్ అంతటికీ మెయిల్ రెడీగా ఉంది. మధ్యాహ్నానికి పంపుతాను. కలుషితమైన మట్టిని ఒక విద్యార్థి బయటికి తరలించింది అని. క్రమశిక్షణ కమిటీకి కూడా కాపీ."

"కలుషితమని ఎవరు చెప్పారు?"

"కాదని ఎవరు చెప్పారు?"

ఆ మెయిల్ వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. విచారణ అంటారు, విచారణ అయ్యేదాకా ల్యాబులో అడుగు పెట్టకూడదంటారు. అసిస్టెంట్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే ఎన్‌రోల్‌మెంట్, ఎన్‌రోల్‌మెంట్ పోతే వీసా స్టేటస్. తర్వాత మట్టి మంచిదేనని తేలినా, విమానం ఎక్కేసిన పిల్లకి ఎవరూ సారీ చెప్పరు. నాకు తిక్క రేగింది. "మధ్యాహ్నం దాకా ఆగుతానన్నావుగా, ఆగు. నాతో రా" అన్నాను. ఝాన్సీ ఇంటికి వెళుతూ దారిలో ఆ గుట్ట దగ్గర మీటరు పెట్టాను. బ్యాక్‌గ్రౌండే. "ఆ అమ్మాయి తీసుకెళ్లిన బకెట్‌లోనే ఉందేమో" అంది బ్రెండా.

కదపకూడదు

ఝాన్సీ అపార్ట్‌మెంట్ తలుపు తీసేసరికే ఏడ్చి ఉంది. మెయిల్ రాకముందే కబురు వచ్చేసింది.

"అంకుల్, నేను బోర్డు చూడలే. అక్కడ పనిచేసేటాయన్ని అడిగిన, తీస్కపో అన్నడు. రెండు బకెట్లు కారు ట్రంక్‌లో వేసుకొచ్చిన. అంతే అంకుల్, ఒట్టు. నన్ను పంపించేస్తరా?"

"ఎవరూ ఎక్కడికీ పంపించరు. మట్టి ఏమన్నా మిగిలిందా?"

"ఏం మిగలలే. ఎలుకక్కూడా చాలలే."

నిజమే, వినాయకుడి ముందు ఎలుక స్థానంలో కంప్యూటర్ మౌస్ ఉంది. దానికి బొట్టు కూడా పెట్టారు. చుట్టూ పత్రి కుప్ప. ఇరవయ్యొక్క రకాలు ఎక్కడ దొరుకుతాయి పాపం? మేపుల్ ఆకులు, ఓక్ ఆకులు, పక్కింటివాళ్ల గులాబీ రెమ్మలు, చివరికి సలాడ్ ప్యాకెట్‌లోని పాలకూర. స్వామి ఆ ఆకుల్లో మోకాళ్ల దాకా మునిగి కూర్చున్నాడు.

బయట వసారాలో బ్యాక్‌గ్రౌండ్ తీసుకున్నాను. గది మధ్యలో తీసుకున్నాను. మామూలే. శబ్దం కట్టేసి వినాయకుడి కిరీటం దగ్గర పెట్టాను. ముల్లు కాస్త లేచింది. బొజ్జ దగ్గర ఇంకాస్త లేచింది. పాదాల దగ్గర పెట్టేసరికి ముల్లు ఎగిరి ఆ చివరికి పోయింది.

మట్టి మీద ముల్లు అలా ఎగరడం ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు. శబ్దం లేకపోయినా బ్రెండాకి కళ్లున్నాయి. గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

"హాజ్‌మాట్ వాళ్లని పిలుస్తున్నాను. దీన్ని డ్రమ్ములో వేసి సీల్ చేస్తారు."

ఝాన్సీ వెళ్లి వినాయకుడికి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, నన్ను తీసేస్తే తీసేయమనుండ్రి. దేవుణ్ని డ్రమ్ముల వేస్తే మాత్రం ఊకోను."

"అసలు మట్టిలోదో కాదో చూడాలమ్మా. ఒక్కసారి పైకెత్తి పక్కన పెట్టి కొలుస్తాను. అంతే."

"ప్రాణప్రతిష్ఠ అయింది అంకుల్. శనివారం నిమజ్జనం అనుకున్నం. ఉద్వాసన చెప్పకుండ ఎట్ల కదుపుతరు?"

బ్రెండా "ఏమంటోంది?" అంది. "దేవుడు లోపల ఉన్నాడట, వెళ్లమని చెప్పకుండా కదపకూడదట" అన్నాను. "ఎవరు చెప్పాలి?" అంది. అదీ సంగతి. వాల్ట్ నేర్పినట్టు వస్తువుని విడదీసి కొలవాలంటే, ముందు ఆ వస్తువుకి వీడ్కోలు చెప్పాలి. ఇది ఏ కోర్సులోనూ లేదు.

నేను భక్తుణ్నేం కాదు. గుడికి పులిహోర కోసం వెళతాను. చెయ్యి చాపి ఎత్తేస్తే అరనిమిషం పని. కానీ ఆ పిల్ల ఎక్కడ తవ్విందో, ఎవరినడిగిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. అలా చెప్పినవాళ్ల చెయ్యి పక్కకి తోసేసి మన పని మనం చేసుకుంటే, రేపు ల్యాబులో సీసా పగిలినప్పుడు ఎవరూ మనకి ఫోన్ చెయ్యరు. ఇది రాసి పెట్టుకోండి.

ఫోన్లో ఉద్వాసన

సుగుణకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"ఉద్వాసన ఎలా చెప్పాలి?"

"ఎవరికి?"

"వినాయకుడికి. అర్జెంటు."

"మన వినాయకుడికి రాత్రే చెప్పేశాగా? మీరు ఆఫీసుకెళ్లారా, ఎక్కడికెళ్లారండీ?"

విషయం చెప్పాను. వెంటనే అటువైపు గొంతు మారింది. "ఝాన్సీ, ఏడవకు నాన్నా. స్నానం చేశావా? దీపం వెలిగించు. నైవేద్యానికి ఏముంది?"

"ఉండ్రాళ్లు అయిపోయినయి ఆంటీ. అరటిపండుంది."

"చాలు. ఆ గదిలో చెప్పులతో ఎవరన్నా ఉన్నారా?"

బ్రెండా వైపు చూశాను. అర్థమైపోయింది కాబోలు, పాపం బూట్లు విప్పింది. రబ్బరు గ్లవ్స్ మాత్రం తియ్యనంది. ఆ గ్లవ్స్ చేతుల్లోనే ఝాన్సీ అక్షతలు పోసింది. బ్రెండా వాటిని నాకు చూపించి, "ఇవి కొలిచావా?" అని గుసగుసలాడింది. పసుపు బియ్యం అని చెప్పాను. అరటిపండుని కూడా అనుమానంగానే చూసింది. దాంట్లో కొంచెం ఉంటుందన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఫోన్లోంచి సుగుణ మంత్రం చెబుతోంది, ఝాన్సీ వెక్కుతూ అందుకుంటోంది. హారతి అయ్యింది.

"ఇప్పుడు స్వామిని ఈశాన్యం వైపు మూడుసార్లు కొంచెం కొంచెం కదపాలి. ఈశాన్యం ఎటో చూడండి."

నా ఫోన్లో సుగుణ ఉంది. ఝాన్సీ చేతిలో హారతి పళ్లెం ఉంది. బ్రెండా తన ఫోన్ తీసి కంపాస్ తెరిచింది. క్యాంపస్‌కి పంపాల్సిన మెయిల్ ఆ ఫోన్లోనే ఉంది. గిరగిరా తిరిగి, చెయ్యి చాపి, "నార్త్ ఈస్ట్, అటు" అంది.

కదిపాం. "యథాస్థానం అని చెప్పండి, అయిపోయింది. ఇక ఎత్తొచ్చు" అంది సుగుణ.

ఝాన్సీ రెండు చేతులతో స్వామిని ఎత్తి, కిచెన్ గట్టు మీద న్యూస్‌పేపర్ పరిచి దించింది. మీటరు పాదాల దగ్గర పెట్టాను. బొజ్జ దగ్గర పెట్టాను. కిరీటం దగ్గర పెట్టాను. ముల్లు నిద్రపోతోంది. బ్యాక్‌గ్రౌండ్. ఉత్త మట్టి.

"మరి ఇందాక?" అంది బ్రెండా.

వెనక్కి వెళ్లి పత్రి కుప్పని పక్కకి తోశాను. మేపుల్, ఓక్, పాలకూర, కింద బియ్యం, బియ్యం కింద పెద్ద పళ్లెం. నిగనిగలాడే నారింజ రంగు. ఓరి నాయనో! పగలబడి నవ్వాను. వాల్ట్ గాడు ఆ గదిలోనే ఉన్నట్టనిపించింది.

"ఇదెక్కడిదమ్మా?"

"పాత సామాన్లమ్మే త్రిఫ్ట్ స్టోర్‌ల కొన్న అంకుల్. కాషాయం రంగుంది కద, దేవునికి మంచిగుంటదని."

మీటరు పెట్టాను. ఈసారి కావాలనే శబ్దం పెట్టాను. గదంతా టికటికలాడిపోయింది. అందులో ఎవరూ తినలేదు కదా అని అడిగాను. లేదంది, ఉండ్రాళ్లు స్టీలు గిన్నెలో పెట్టిందట. చూడటానికి భయం లేదు, తినడానికి మాత్రం వాడకూడదని చెప్పి, ఆ పళ్లేన్ని కవర్లో చుట్టాను.

బ్రెండా గోడకానుకుంది. "పళ్లెం యూనివర్సిటీది కాదు కదా?"

"కాదు."

"మైదానానిదీ కాదు."

"కాదు."

ఫోన్ తీసి, ఝాన్సీకి కనబడేలా పట్టుకుని ఆ మెయిల్ డిలీట్ చేసింది. క్షమాపణ చెప్పలేదు, వాళ్ల లాయర్లు ఒప్పుకోరు. ఆ అరటిపండు మాత్రం ఒలుచుకుని తింది. ఝాన్సీ నా భుజం మీద తలపెట్టి మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది, ఫోన్లో సుగుణ "ఏమైంది, ఏమైంది, ఎవరన్నా చెప్పండి" అని అరుస్తోంది. నా కళ్లు కూడా బాగా లేవు, ఒప్పుకుంటున్నాను.

యథాస్థానం

నియమం నియమమే. మట్టి తిరిగి మైదానానికి వెళ్లాలంది బ్రెండా. ఈసారి నేనూ కాదనలేదు, నిమజ్జనం ఎక్కడో ఒకచోట చెయ్యాలి కదా. సాయంత్రం గోల్‌పోస్టు వెనక తవ్విన కాలవ దగ్గర పెద్ద బకెట్‌లో నీళ్లు పట్టాం. ఝాన్సీ స్వామిని దించింది. బొజ్జ కరిగేదాకా ఆగి, ఆ నీళ్లు కాలవలో పోసింది. ప్రాక్టీసు చేస్తున్న గోల్‌కీపర్ పిల్ల వచ్చి, ఏం చేస్తున్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బ్రెండానే చెప్పింది.

"తీసుకున్న మట్టి తిరిగి పెడుతున్నాం."

"విఘ్నాలు తీసేసే దేవుణ్ని గోల్ దగ్గర పెట్టినం కద అంకుల్. మనోళ్ల గోల్ కాపాడుతడా, అవతలోళ్లకి దారిస్తడా?" అని ఝాన్సీ అడిగింది. ఏడుపు మొహంతోనే నవ్వుతోంది. ఆ ఏడు మా జట్టు చిత్తుగా ఓడింది. సమాధానం దొరికినట్టే.

ఝాన్సీ పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఇప్పుడు ఎడిసన్‌లో ఉంటోంది, మందుల కంపెనీలో ఉద్యోగం. వినాయకుణ్ని మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో కొంటుందట, పీట కూడా అక్కడే. నారింజ పళ్లెం నాకు మిగిలింది. సుగుణ దాన్ని వంటింట్లోకి ససేమిరా రానివ్వదు, గరాజ్‌లో ఉంది. మీలో ఎవరైనా ఈ పనిలో చేరితే వచ్చి తీసుకెళ్లండి, మీటర్లు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

నా ఆఖరి పనిరోజున కేక్ కోశారు, బ్రెండా ఉపన్యాసం ఇచ్చింది. అందరూ వెళ్లాక మీటరు పట్టుకుని మైదానానికి నడిచాను. ఇత్తడి పలక మీద యుద్ధం, గ్రాఫైటు, ప్రొఫెసర్లు అన్నీ ఉన్నాయి. మా సంగతి లేదు. గోల్ వెనక కాలవ పూడ్చిన చోట గడ్డి బాగా వచ్చింది. అక్కడ చివరిసారి మీటరు పెట్టాను. బ్యాక్‌గ్రౌండ్. పెట్టే ముందు బూట్లు విప్పాను. ఎందుకని అడక్కండి, అది మీటరుకి అందే విషయం కాదు.